గట్టు చెప్పని రక్తపు బొట్టు

అది రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు. మద్రాసు నుంచి వచ్చిన ఒక డాక్టరు గారి దగ్గర ల్యాబ్ అసిస్టెంటుగా, శబరి నది దాటి బస్తర్ సంస్థానంలోని కొంటా వైపు వెళ్ళాను. ఈ అడవి జనం పూర్వీకులు ఎటు నుంచి వచ్చారు, గోదావరి వైపు కోయలకు వీళ్ళెంత దగ్గర అన్నది రక్తాన్ని బట్టి తెలుసుకోవాలని ఆయన తపన. ఏ ఊళ్ళో ఏ బ్లడ్ గ్రూపు ఎక్కువో లెక్కగట్టి, ఒక జనాన్ని ఇంకో జనంతో పోల్చి చూస్తారు.

వేలికొసన సూదితో గుచ్చి, పింగాణీ పలక మీద రెండు బొట్లు వేయడం నా పని. ఎడమ బొట్టులో యాంటీ-ఎ సీరం, కుడి దానిలో యాంటీ-బి సీరం కలపాలి. ఏది విరిగిన పాలలా గడ్డలు కడితే అదే ఆ మనిషి గ్రూపు; రెండూ కడితే ఎబి, ఏదీ కట్టకపోతే ఓ. ఎండకు సీరం చెడిపోకుండా తడిగుడ్డ చుట్టిన కుండలో మోసుకెళ్ళేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

మరైగూడ అనే ఊళ్ళో ఊరిపెద్ద పటేల్ ఇంటి ముందు పందిట్లో పలక పెట్టాం. అమావాస్య దాటాక పెళ్ళి కావలసిన జోగయ్య, ముత్తమ్మ నవ్వుకుంటూ ఒకరి వెనక ఒకరు వేలు చాపారు. ఇద్దరివీ పక్కపక్కనే వేశాను. ఇద్దరికీ కుడి బొట్టే గడ్డ కట్టింది. వంగి చూస్తున్న పటేల్ మొహం మాడిపోయింది.

"సాబూ, తాతముత్తాతల సంగతి రక్తం చెప్తదని మీరే అన్నరు గదా. ఈళ్ళిద్దరిదీ ఒక్కతీరే ఉన్నదేంది? అంటే ఇద్దరిదీ ఒకటే గట్టు. ఈ పెండ్లి నడవది."

అక్కడి దొర్ల తెగ వాళ్ళల్లో గట్టంటే వంశాల కూటమి. ఒకే గట్టు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళన్న మాటే ఉండదు. ముత్తమ్మ ముందుకొచ్చింది.

"మాది ఐదో గట్టు, ఆళ్ళది మూడోది. అందరికీ ఎరుకే గదా పటేలా!"

"మనం మర్సిపోతం బిడ్డా. రక్తం మర్సిపోతదా?"

ఆ పిల్ల బొటబొటా కన్నీళ్ళు కార్చింది. అసలే నాకు ముక్కు మీద కోపం.

"లోకంలో ఉన్నవే నాలుగు గ్రూపులు. అంత జనమూ వాటిలోనే సర్దుకోవాలి! మాది సముద్రం పక్క ఊరు. నాదీ ఇదే గ్రూపు. చూడండి!" అని నా వేలే గుచ్చుకున్నాను. కుడి బొట్టు గడ్డ కట్టింది.

పటేల్ తాపీగా, "ఎవలకెరుక, నువ్వు సుత మా వోడివే గావచ్చు" అన్నాడు.

అప్పుడు జోగయ్య తల్లి పోతమ్మ పెద్దకొడుకును ముందుకు తోసింది. "ఈడిదీ సూడు. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినోళ్ళే."

అతని వేలూ గుచ్చాను. అదీ కుడివైపే గడ్డ కడితే పటేల్ మాట ఇంకా బిగుస్తుంది. పలకను మెల్లగా అటూ ఇటూ వంచాను. ఎడమ బొట్టు గడ్డ కట్టింది!

"ఇగ చెప్పు పటేలా!" అంది పోతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని. "పలక మాట ఇంటే ఈళ్ళు అన్నదమ్ములే గారు. మరి ఇద్దర్నీ నేనే కంటినాయె. నీ పెండ్లాన్నే అడుగు."

"ఇద్దరి బొడ్డూ కోసింది నేనే" అంది పటేల్ భార్య వెనక నుంచి. జనం గొల్లుమన్నారు.

డాక్టరు గారు అందుకున్నారు. "బిడ్డకు తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తుంది. అన్నదమ్ములకు ఏ పాలు అందిందన్నది వేరు కావచ్చు, పరాయివాళ్ళకు ఒకటే కావచ్చు. వందల మందివి కలిపి చూస్తేనే ఏదైనా తెలిసేది."

పటేల్ తలాడించాడు. "అంటే గుంపు ముచ్చట చెప్తది గానీ ఇంటి ముచ్చట చెప్పదన్నట్టు. గట్టు సంగతి మాకెరుకే. పెండ్లి చేసుడే!"

హమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా, ఎవరికి ఎవరేమవుతారో ఈ పలక చెప్పదని ముందే చెప్పి గానీ సూది తీయలేదు. ఒక్క బొట్టును ఎంత అడగాలో అంతే అడగాలని నాకు నేర్పింది మరైగూడే.

పలక కడుగుతుంటే ముత్తమ్మ వచ్చింది, కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. "అన్నా, మనిద్దరి రక్తం ఒక్కతీరే గదా. పెండ్లికి చీర పెట్టాలె మల్ల."

"అది చుట్టరికం చెప్పదని ఇప్పుడేగా అన్నాం తల్లీ!"

"పలక చెప్పకుంటే ఏమాయె? నేను చెప్తున్న గదా."

కొంటా సంతలో ఎర్రంచు చీర కొని, అన్నగా ఆ పెళ్ళికి వెళ్ళాను.