నేను అన్నయ్య ఫిల్ము కడిగిన రోజు

మొన్న ఆదివారం మా మనవరాలు గుడ్లవల్లేరు కాలేజీ నుంచి వచ్చి, ఎవరిదగ్గరో సంపాదించిన పాత కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫిల్మురీలు నా చేతిలో పెట్టి, దీన్ని కడగడానికి ఏ డెవలపర్ వాడాలి అమ్మమ్మా అని అడిగింది. ఏ వెలుతురులో తీశావో, అందులో నీకు ఏది దక్కాలో ముందు చెప్పమన్నాను. ఆ మాట అంటూనే నేను బందరులోని మా చీకటిగదిలోకి వెళ్లిపోయాను. పిల్ల మళ్లీ పిలిచేదాకా ఈ లోకంలో లేను.

బందరులో మాకు స్టూడియో ఉండేది. ఫొటోలు తీయడం మావారిది, కడగడం నాది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెళ్లిచూపులకు పంపే ఫొటోలో పిల్ల మొహం పాలరాయిలా నున్నగా రావాలి. అందుకని గ్రెయిన్‌ను, అంటే బొమ్మలో ఇసక చల్లినట్టు కనిపించే నలుసుల్ని అణిచిపెట్టే డెవలపర్ ఒకటి కలిపి ఉంచేదాన్ని. దస్తావేజుల నకళ్లకైతే నలుపునీ తెలుపునీ కత్తితో కోసినట్టు విడదీసే ఘాటుది వేరే. ఇవిగాక మెటాల్ అనే మందుపొడి ఒక్కటే వేసి పల్చగా కలిపేది ఇంకొకటి. నిదానంగా పనిచేసి, నీడలో ఉన్నదాన్ని కూడా బయటికి లాగుతుంది గాని గ్రెయిన్ గరుకుగా తేలుతుంది. దాని అవసరం ఎప్పుడో గాని పడేది కాదు.

మా అన్నయ్య ఘంటసాల దగ్గర వ్యవసాయం చేసేవాడు. పైపొలం ఆసామీ పంటబోదె గట్టు తెంపి నీళ్లు మళ్లించుకుంటున్నాడని, ఆ గండి ఫొటో తీసిస్తే పై అధికారులకు చూపిస్తానని మావారిని పిలిపించాడు. పొద్దు వాలుతుండగా ఆయన ఫొటోలు తీస్తుంటే, ఆసామీ, అతని కొడుకులిద్దరూ కర్రలూ గడ్డపలుగులూ పట్టుకుని వచ్చి అన్నయ్య మీద పడ్డారు. పడిపోయినవాడి తల మీద పెద్దకొడుకు పలుగు దించాడు. మావారు అరుస్తూనే మీట నొక్కారు. కూలీలు పరుగెత్తుకొచ్చి అన్నయ్యను ఆస్పత్రికి తీసుకుపోతే, ఆయన మోటారుసైకిలు మీద నా దగ్గరికి వచ్చారు. చొక్కా నిండా అన్నయ్య నెత్తురు.

"నేను తీయడం వాళ్లు చూశారు. కెమెరా కోసం వస్తారు. ముందు ఇది కడుగు."

ఏడవడానికి వ్యవధి లేదు. పొద్దుకు ఎదురుగా తీసినవి గనక వెనక ఆకాశం మండుతూ, మొహాలు మసిగా ఉంటాయి. ఘాటుది పోస్తే ఆకాశం తప్ప ఏమీ మిగలదు. నున్నటిది పోస్తే ఆ మొహాల మీది కొద్దిపాటి వెలుతురునీ మింగేస్తుంది. గరుకైతే కానీ, మొహం దక్కితే చాలనుకుని మెటాల్ తూచాను. తలుపు గడియ వేసి, దీపం ఆర్పి, ఫిల్మును రెండు కొసలా పట్టుకుని ట్రేలో ఆడించసాగాను.

సగం కూడా కాకముందే బయట అద్దాలు భళ్లున పగిలాయి. ఫిల్మెక్కడరా అన్న కేకలు, దెబ్బలు, మావారి మూలుగు. ఆయన ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"తలుపు తియ్యకు! నేను చచ్చినా తియ్యకు!"

తీస్తే ఫిల్ము నల్లబడిపోతుంది. తీయకపోతే మనిషి పోయేలా ఉన్నాడు. ఇంతలో తలుపు మీద పలుగుపోట్లు మొదలయ్యాయి. ఒక పోటుకు చెక్క చీలి సన్నటి వెలుతురు లోపలికి దూరింది. నా వీపు దానికి అడ్డం పెట్టాను. మరుపోటుకు పలుగు మొన నా నడుం చీల్చుకుపోయింది. చేతులు మాత్రం ఆపలేదు.

పక్క దుకాణం దర్జీ భాయి వీధిలోవాళ్లను కేకేసుకుని కర్రలతో వచ్చి పడ్డాడు; గుమ్మంలోనే కొట్లాట జరిగింది, దాడికొచ్చినవాళ్లు పారిపోయారు.

"అమ్మా, పోయారు! మీ ఆయన బతికే ఉన్నాడు!" అని భాయి అరిచేసరికి ఫిల్ము హైపోలో ఉంది, ఇక వెలుతురు తగిలినా చెడదు. నేను నేల మీద కూలబడ్డాను.

అన్నయ్య తెల్లవారకముందే పోయాడు. మావారి కుడిచేయి మళ్లీ కెమెరా ఎత్తలేదు. అప్పటినుంచి ఫొటోలు కూడా నేనే తీశాను. కోర్టులో ముద్దాయిల వకీలు ఆ ఫొటో పైకెత్తి, ఇదంతా ఇసకేగా, ఇందులో మొహమెక్కడుందని నవ్వాడు.

"నున్నగా కడిగితే మీ ముద్దాయి మొహం ఉండేది కాదండీ. అందుకే ఇలా కడిగాను," అన్నాను.

జడ్జిగారు ఫొటో తీసుకుని, దాన్నీ ముద్దాయి మొహాన్నీ మార్చి మార్చి చూశారు. పెద్దకొడుక్కి యావజ్జీవం పడింది. ఆ రోజు మా వదిన ఏడవలేదు, నేనూ ఏడవలేదు. కోర్టు మెట్ల మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఊరికే కూచున్నాం.

ఏడాది కిందట అటువైపు వెళ్తే పొలాలేవో పోల్చుకోలేకపోయాను. మాదీ వాళ్లదీ కలిపి ఎవరో లీజుకు తీసుకుని చేపల చెరువు తవ్వారు. నీళ్లకు కొదవే లేదు, కనుచూపు మేర నీళ్లే. అన్నయ్య ఏ గట్టు మీద పడిపోయాడో చూపిద్దామన్నా, అక్కడ గట్టే లేదు.