మ్యూజిక్ లేకుండా వచ్చిన దయ్యం

నాకు దయ్యాల సినిమా అంటే చచ్చేంత భయం. మా ఆవిడకి ప్రాణం. అమావాస్య అని కూడా చూడకుండా, నా చేత ఆఫీసుకి జ్వరమని మెసేజ్ పెట్టించి మరీ ఈ రోజు నారాయణగూడలో మ్యాట్నీకి లాక్కెళ్లింది.

పది నిమిషాలకే కళ్లు మూసుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే, పక్క సీట్లో ఒకామె మాత్రం పాప్‌కార్న్ తింటూ పడీ పడీ నవ్వుతోంది. కవాడిగూడలో బిల్డింగ్ పని చేస్తుందట. అమావాస్య కదా, పని బంద్.

ఇంటర్వెల్‌లో ఉండబట్టలేక అడిగాను. "అక్కా, నీకు భయం వెయ్యదా?"

"ఏం భయమన్నా! దయ్యం వచ్చే ముందు మ్యూజిక్ కొడ్తరు గద. మా మేస్త్రి వచ్చేటప్పుడు ఎవలన్న కొడ్తరా?"

నిజమే కదా! సెకండాఫ్‌లో చెవుల్లోంచి వేళ్లు తీసేశాను. మ్యూజిక్ మొదలైతే కళ్లు మూయడం, ఆగితే తెరవడం. జీవితంలో మొదటిసారి హాయిగా చూస్తున్నాను. అంతా నిశ్శబ్దంగా ఉన్న ఒక సీన్లో, వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

"జ్వరం తగ్గిందా?"

మా మేనేజరు గారు.

నా కేకకి తెర మీద దయ్యం కూడా జడుసుకునే ఉంటుంది. ఆఫీసు టైములో ఆయనకక్కడ ఏం పనో అడిగే ధైర్యం నాకు లేదు. దయ్యాల సినిమాలు చూసే ధైర్యవంతులెవరైనా నా తరఫున కాస్త అడిగిపెడతారా?