రూత్ మిస్ రాజీనామా

మా సంఘ గాయక బృందానికి ప్రాణమై నిలిచిన రూత్ మిస్ గత ఆదివారం ఆరాధన వేళకు ముందే గుండె ఆగి ప్రభువునందు నిద్రించారు. వార్త విని సీతాఫల్‌మండిలోని ఆమె అద్దె గదికి పరుగెత్తాను. సర్దిన పెట్టెలు గోడవారగా ఉన్నాయి. ఈ వారంలోనే ఆమె దేశం విడిచి వెళ్లాలని ప్రభుత్వ ఉత్తర్వు. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చిందని దాచకుండా రాస్తున్నాను.

ఆమెది కెన్యా. మా బడిలో సంగీతం నేర్పడానికి యౌవనంలో వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. తెలుగు మా ఆయాల దగ్గర నేర్చుకున్నారు. తెలుగు పంతులుగా నేనెంత దిద్దబోయినా "గిట్లనే మంచిగుంది సార్" అనేవారు.

మంత్రిగారు బడికి వచ్చిన నాడు, స్వాగతగీతం పాడే పిల్లలను బడి యజమాని కరస్పాండెంట్‌గారు ఎండలో నిలబెట్టారు. మంత్రిగారు ఎంతకీ రాలేదు. ఒక పాప సొమ్మసిల్లి పడిపోయింది. అప్పుడే కార్లు గేటు దగ్గరికొచ్చాయి. రూత్ మిస్ పాట ఎత్తించకుండా పిల్లలందర్నీ నీడలోకి తీసుకుపోయారు. సాయంత్రం కరస్పాండెంట్‌గారు క్షమాపణ చెప్పమంటే, రాజీనామా ఇచ్చారు.

మన బడుల్లో రాజీనామా అంటే ఒక అలక. ఇచ్చినవారు స్టాఫ్‌రూములో ముభావంగా కూర్చుంటారు, పెద్దలు నచ్చజెబుతారు, టీ వస్తుంది, కాగితం చిరుగుతుంది. నేనూ ఇచ్చాను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఆ ధీమాతోనే ఆమెకు నచ్చజెప్పబోయాను. "ఇడిసిపెడ్తున్న అన్న గద సార్. మల్ల ఎట్ల పోత?" అన్నారు. కరస్పాండెంట్‌గారు దాన్ని ఆమోదించి ఊరుకున్నారు. ఏటా ఆ కాగితాలు బడివాళ్లే చూసుకునేవారు కనుక, ఆమె వీసా ఆ కొలువుకే ముడిపడి ఉందనీ, అది వదిలితే ఇక్కడ ఉండే హక్కే పోతుందనీ ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. మరో బడిలో చేరాలంటే పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలట. క్షమాపణ చెబితేనే ఇస్తానన్నారాయన.

ఈలోగా గడువు పొడిగింపు కోసం విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్లాం. ఏ పనీ చేయడం లేదని చెప్పమని బస్సులో దారంతా పాఠం చెప్పాను. "ఇప్పుడేం చేస్తున్నరమ్మా?" అని అధికారి అడిగారు. "చర్చిల పిల్లలకు పాట నేర్పిస్తున్న" అన్నారు రూత్ మిస్.

"పైసలిస్తరా?"

"లే సార్. అన్నం పెడ్తరు."

"అది సుత పనే అయితదమ్మా. మల్ల అడుగుత, జెర ఆలోచించి చెప్పుండ్రి" అని ఆ దయాళువు మళ్లీ అడిగారు. ఆమె నిజంగానే ఆలోచించి అదే చెప్పారు. అన్నంలోకి పప్పు కూడా పెడతారని చేర్చారు. పొడిగింపు దొరకలేదు.

చివరికి విసిగిపోయి, ఆమె తరఫున నేనే క్షమాపణ చెప్పాను. కరస్పాండెంట్‌గారు మెత్తబడ్డారు. ఆ సంగతి తెలియగానే రూత్ మిస్ మల్కాజ్‌గిరిలో ఆయన ఇంటికి వెళ్లి, "తెలుగు సార్ చెప్పింది నేను చెప్పినట్టు కాదు సార్. ఆ పిల్ల పడ్డది. నాకు తప్పనిపిస్తలేదు" అని చెప్పి వచ్చారు. ఇంతగా ప్రాణం విసిగించే మనిషి ఉంటారా? ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయిందని కేకలేశాను.

"ఆ మాట అన్నంక, పిల్లల ముంగట ఎట్ల నిలబడాలె సార్?"

"మిమ్మల్ని పంపించేస్తే ఎవరి ముందు నిలబడతారు?" అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. వెళ్లాలని ఆమెకు లేదు. నాకు తెలిసి ఆమె కోరుకున్నది ఈ ఊళ్లో ఉండటం ఒక్కటే.

ఇక్కడే సమాధి చేయాలంటే ఆమెను ఈ దేశానికి రప్పించిన యజమాని కూడా అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు పోలీసులు. వెళ్లాను. కరస్పాండెంట్‌గారు కళ్లద్దాలు వెతుక్కుని, "ఎక్కడండీ సంతకం?" అని అడిగి వెంటనే పెట్టేశారు. ఆమె ఇక్కడ ఉండటానికి ఆయనకిప్పుడు ఏ అభ్యంతరమూ లేదు. ఆయన ఇంటి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను.

ఆ సత్యసంధురాలికి మా సంఘం పక్షాన అశ్రునివాళి అర్పిస్తున్నాను. ఆమె లోటు తీర్చగలవారు మాలో లేరు. బొల్లారం సమాధుల తోటలో శ్రుతి అందించేవారు లేక పిల్లలు తలో స్థాయిలో పాట ఎత్తుకున్నారు. చివరిదాకా అలాగే పాడారు. సరిదిద్దే మనిషిని మట్టిలో పెట్టి వచ్చాం.