తాడు అందుకోని సరంగమ్మ

కుర్చీలో ఎలా కూర్చోవాలో నేర్పించడానికి ఆ ఆఫీసువాళ్ళు రెండు రోజుల శిక్షణ పెట్టారు. నవ్వకండి, నిజమే. నడుము ఇలా, మెడ అలా, మోచేతులు ఇక్కడ అంటూ ఎవరో ట్రైనరు బొమ్మలు చూపించి మరీ చెప్పింది. ఇరవై నాలుగేళ్ళు ఊగే పడవలో నిలబడి కూరలు తరిగిన మనిషికి, కదలని కుర్చీలో కూర్చోవడం నేర్పించారు! రెండో రోజు మధ్యాహ్నం సరంగమ్మ లేచి, "ఇంక నా వల్ల కాదు తల్లీ" అంది. సొరుగులో ఉన్న రెండు పెన్నులూ, కళ్ళజోడు పెట్టె సంచీలో వేసుకుని, రాజీనామా కాగితం మేనేజరు బల్ల మీద పెట్టి, ఆరంతస్తులూ మెట్ల మీదుగా దిగి వచ్చేసింది. లిఫ్టు కోసం కూడా ఆగలేదు.

సరంగమ్మ ఆవిడ అసలు పేరేం కాదు. పడవ నడిపేవాణ్ణి సరంగు అంటారు కదా, ఆడమనిషి ఆ పనిలోకి దిగేసరికి ఏమనాలో తెలీక రేవులో జనం ఎగతాళికి తగిలించిన పేరు. ఎగతాళి చేసినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు. పేరు మాత్రం ఆవిడకి ఉండిపోయింది, ఆవిడా దాన్ని దర్జాగా పడవ తలుపు మీద రంగుతో రాయించుకుంది.

వాళ్ళ నాన్న తెరచాపలు కుట్టేవాడు. పొడుగాటి గది, నేల నిండా తెల్లటి మందపు గుడ్డ, మధ్యలో కుట్టుమిషను. ఆ గుడ్డ మీద పాకుతూ పెరిగిన పిల్ల, ఇవి కట్టుకుని పడవలు ఎక్కడికెళ్తాయో చూడాల్సిందేనని పట్టుబట్టింది. చూసింది కూడా. ఇరవై ఆరో ఏట ఒక పాత పడవ కొంది. పదకొండు మీటర్ల పొడుగు, ఒక స్తంభం, రెండు తెరచాపలు, కింద మూడు ఇరుకు గదులు. ఆరుగురు అతిథుల్ని ఎక్కించుకుని నాలుగైదు రోజులు ఒడ్డు వెంబడే రేవు రేవునా ఆగుతూ తిప్పుకొచ్చేది. వంట తనే, లంగరు తనే, వాంతులు చేసుకునేవాళ్ళ వీపు నిమిరేదీ తనే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు చెట్టపట్టాలేసుకుని ఎక్కేవాళ్ళు. గంట తిరిగేసరికి ఒకరు ఈ పక్కకీ, ఒకరు ఆ పక్కకీ తల వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. దిగేటప్పుడు మాత్రం, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగేవాళ్ళు. అందరూ కాదు లెండి, సగం మంది.

అంత బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు వదిలేసిందంటారా? యాభై నిండాయి, అంతే. ఇంక చూడండి, ఎవరికి వాళ్ళే సలహాలు పట్టుకుని తయారు. ఎదురింటావిడ ఎముకల గురించి చెప్పింది. అక్క అయితే, "ఈ వయసులో ఆ తాళ్ళు పట్టుకుని వేలాడ్డమేంటే, చూసేవాళ్ళు నవ్వుతారు" అని వారానికోసారి వచ్చి మరీ తిట్టిపోసింది. మొగుడు బళ్ళో లెక్కల మాస్టారు. ఆయన పల్లెత్తు మాట అన్లేదు. అనకపోవడమే ఆయన అనడం. కాస్త గాలి వీస్తే చాలు, ఫోన్ చేసి "ఏం లేదు, ఊరికే చేశా" అనేవాడు. రోజుకి ఆరుసార్లు ఊరికే వచ్చే ఫోన్లకి మనిషి ఎన్నాళ్ళని తట్టుకుంటుంది? ఆవిడకీ మెల్లిగా అనుమానం పట్టుకుంది. పడవ మీద కాలు పెట్టినప్పుడల్లా, ఏదో అవుతుందేమో అనిపించడం మొదలైంది. చివరికి పడవ కట్టేసి, అక్క పనిచేసే బీమా ఆఫీసులోనే చేరింది. మునిగిన పడవల ఫైళ్ళు చదివి తప్పెవరిదో తేల్చే పని. పద్నాలుగు నెలలు రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మునిగిన పడవలే!

రాజీనామా సంగతి తెలిసి సాయంత్రానికల్లా అక్క ఊడిపడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నీకేమైనా మతి పోయిందా? నేను మాట ఇచ్చి వేయించిన ఉద్యోగం. రేపు ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"ఎప్పుడూ ఉండేచోటే పెట్టుకో అక్కా. నేను మళ్ళీ పడవెక్కుతున్నా."

"ఎలా ఎక్కుతావే? లైసెన్సు ఆగిపోయిందిగా!"

అదీ అసలు చిక్కు. ఏడాది దాటి నీళ్ళ మీద లేకపోతే ప్రయాణికుల్ని ఎక్కించుకునే లైసెన్సు ఆగిపోతుంది. మళ్ళీ కావాలంటే అధికారి ఒకాయన పడవెక్కి, పక్క రేవు దాకా వచ్చి పరీక్ష చూడాలి. తప్పితే రెండేళ్ళ దాకా గుమ్మం తొక్కనివ్వరు. రెండేళ్ళకి ఈవిడ వయసు వాళ్ళు పెట్టిన హద్దు దాటిపోతుంది. అంటే ఉన్నది ఒకే ఒక్క అవకాశం, ఆ తర్వాత జన్మంతా ఒడ్డునే.

"తప్పితే?" అంది అక్క.

"తప్పితే అప్పుడు ఏడుస్తా. ముందునించే ఏడుస్తూ కూర్చోమంటావా ఏంటి?"

అక్క చెల్లెలితో పని కాదని మరిది వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి మరిదిగారూ, గుడ్లప్పగించి చూస్తారేంటి?" మాస్టారు, "పరీక్షకి పడవలో ఇంకో మనిషి ఉండాలిట వదినా. పాత సహాయకుడు వేరే పడవలో చేరిపోయాడు. నేను వెళ్తున్నా" అన్నాడు. ఆ ముక్క సరంగమ్మకీ అప్పుడే తెలిసింది.

పరీక్ష రోజు పొద్దున్న ఏడింటికి బయల్దేరారు. వంటింటి గోడ కొక్కేనికున్న ఇంజను తాళంచెవి తీసుకుని, ముందే సర్దిపెట్టుకున్న సంచీ భుజానేసుకుని రేవుకి నడిచారు. అధికారి అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. నవ్వడు, విసుక్కోడు, ఏం చెప్పినా రాసుకుంటాడు. రాతికట్ట మీద జనం పోగయ్యారు. పడవలు కడిగేవాళ్ళూ, వలలు ఆరేసేవాళ్ళూ, గొడుగేసుకుని అక్కా.

సరంగమ్మ తెరచాపల ముసుగులు విప్పేసి, తాళ్ళు సరిచూసుకుంది. ఇంజను ఉంది కదా అని తెరచాప ముసుగు తియ్యకుండా రేవు దాటే అలవాటు ఆవిడకి లేదు. తాళంచెవి పెట్టి తిప్పింది. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. పడవ కదిలింది.

ఆ రేవు నోరు ఇరుకు. రెండు రాతికట్టలు, మధ్య రెండు వందల అడుగుల వెడల్పు దారి, గాలేమో సముద్రం వైపు నుంచి సూటిగా మొహానికే. సరిగ్గా ఆ రెండు కట్టల మధ్యకి వచ్చేసరికి ఇంజను కీచుమని అరిచింది, కిందనుంచి కాలిన రబ్బరు వాసన, తెల్లటి పొగ. సరంగమ్మ ఠక్కున ఆపేసింది.

ఏమైందో ఆపిన మరుక్షణంలోనే అర్థమైంది. ఇంజనుని చల్లబరిచే సముద్రపు నీళ్ళు లోపలికి రావడానికి అడుగున ఒక కుళాయి ఉంటుంది. పడవ కట్టేసేటప్పుడు అది మూసి, తాళంచెవిని ఆ కుళాయి పిడికే తగిలిస్తారు. మళ్ళీ బయల్దేరేవాడు చెవి కోసం అక్కడికే వెళ్ళాలి, వెళ్తే కుళాయి తిప్పకుండా ఉండడు. పడవలవాళ్ళందరి పద్ధతీ అదే. ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ చేతికి తెలిసింది ఒక్కటే, చెవి చేతిలో ఉందంటే కుళాయి తెరిచినట్టే. మరి ఆ చెవి వంటింట్లోకి ఎలా వచ్చింది? చూసి కూడా ఎందుకు తట్టలేదు? పద్నాలుగు నెలలు తాళాలన్నీ కొక్కేనికి తగిలించే ఇంట్లో ఉండి ఉండి, కళ్ళకి అదే అలవాటైపోయింది మరి.

పడవ మెల్లిగా రాళ్ళ వైపు కొట్టుకుపోతోంది. రేవు లాంచీ పరుగున వచ్చింది. అందులో మనిషి తాడు విసిరాడు. "పట్టుకో సరంగమ్మా, లాగేస్తా!"

తాడు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. అధికారి నెమ్మదిగా అన్నాడు. "మీ ఇష్టం మేడమ్. కానీ అది అందుకుంటే పరీక్ష ఇక్కడితో ఆగిపోతుంది."

ఆవిడ వంగి తాడు తీసి, ఎంత బలముందో అంత బలంతో వెనక్కి విసిరేసింది. "పక్కనే ఉండు నాయనా, రాయికి తగిలితే అప్పుడు లాగుదువుగాని! అందాకా తాడు వేశావో నీళ్ళలోకి నిన్నే లాగేస్తా!"

కట్ట మీద జనం గొల్లున నవ్వారు. అప్పటికే పెద్ద తెరచాప సగం లేచింది.

గాలికి ఎదురెళ్ళే దారి తిన్నగా ఉండదు. కాస్త కుడికి ఏటవాలుగా, మళ్ళీ తిప్పి కాస్త ఎడమకి, అలా అడ్డదిడ్డంగా కోసుకుంటూ పోవాలి. తిప్పిన ప్రతిసారీ ముందున్న చిన్న తెరచాప తాడు ఈ పక్క వదిలి ఆ పక్క బిగించాలి. అది మాస్టారి పని. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"తిప్పుతున్నా! వదలండి! లాగండి, లాగండి, ఇంకా! ఏమండీ, సుద్దముక్క కాదది, గట్టిగా పట్టుకోండి!"

మొదటిసారి తిప్పినప్పుడు రాళ్ళ మీది నాచు కనపడింది. రెండోసారి నాచులో పీతలు కనపడ్డాయి. మూడోసారి తిప్పాక మాస్టారు తాడు బిగిస్తూ, రొప్పుతూ అన్నాడు. "తాళంచెవి నేనే తెచ్చా. పోయిన నెల పడవ చూద్దామని వచ్చా. కుళాయికి వేలాడుతూ తుప్పు పడుతోందని ఇంటికి తెచ్చి నూనె రాసి పెట్టా. దానికి ఇంత కథ ఉందని నాకు..."

ఆవిడకి ఒళ్ళు మండింది. "పాతికేళ్ళు కాపురం చేశారు, ఒక్క రోజు అడిగారా అది అక్కడెందుకుందో? ఫోన్ చేసి గాలెలా ఉందని అడగడం తప్ప!" అంతలోనే గొంతు తగ్గించి, "చూసుకోవాల్సింది నేను. తప్పు నాది. ఇప్పుడు ఏడవకండి, తాడు లాగండి" అంది.

ఏడుసార్లు తిప్పింది. ఏడోసారికి పడవ ముక్కు కట్ట చివరి రాయిని దాటింది, మొదటి పెద్ద అల వచ్చి ముగ్గురినీ తడిపేసింది. ఇస్త్రీ చొక్కాతో సహా. పద్నాలుగు నెలలుగా ఆవిడ గుండెల మీద కూర్చున్నదేదో ఆ నీళ్ళతో దిగిపోయింది. గట్టిగా, అసహ్యంగా, నోరంతా తెరిచి నవ్వింది. అధికారి ఫైలు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి పక్క రేవులో పడవ కట్టేశారు, చివరిదాకా తెరచాపల మీదే. కింద బల్ల దగ్గర అధికారి ఫైలు తెరిచాడు.

"బయల్దేరే ముందు తనిఖీ, సున్నా."

"వెయ్యండి. సున్నాయే దానికి."

"ఇంజను చెడితే ఏం చేస్తారనేది ఇంకో అంశం. మామూలుగా సముద్రంలోకి వెళ్ళాక నేనే ఆపేసి చూస్తాను." మొదటిసారి ఆయన మొహాన కాస్త నవ్వు కదిలింది. "రేవు నోట్లో ఆపే ధైర్యం మాత్రం నాకెప్పుడూ లేదు. దానికి పూర్తి మార్కులు. మీరు పాసయ్యారు."

సరంగమ్మ రెండు చేతులూ బల్ల మీద పరిచి కూర్చుంది, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఒక్క గడి మిగిలింది" అన్నాడాయన. "పని మధ్యలో ఆపడానికి కారణం?"

"ఆరోగ్య కారణాలని రాసెయ్యండి సార్" అన్నాడు మాస్టారు. "అందరూ అదే రాస్తారుగా."

"నా ఆరోగ్యానికేం రోగం? గుండ్రాయిలా ఉన్నా" అంది ఆవిడ. "అందరూ భయపెట్టారు, నేను భయపడ్డాను. అదే రాయండి."

"ఆఫీసు కాగితం మేడమ్..."

"నిజం రాస్తే చిరిగిపోతుందా ఆ కాగితం?" చెయ్యి చాపి పెన్ను లాక్కుని తనే రాసింది. పెద్ద అక్షరాలు, గడి చాలక గీత కిందికి దిగాయి.

పైన రాసిందంతా నిజమేనని పడవలో ఉన్న రెండో మనిషి సంతకం పెట్టాలి. అధికారి కాగితాన్ని మాస్టారి వైపు తిప్పాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పిల్లల పేపరు దిద్దేటప్పుడు చదివినట్టు రెండుసార్లు చదివాడు. పెన్ను తీసుకున్నాడు. తాడు రాసుకుని చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. "అందరూ" అన్న మాట పక్కన, చిన్న అక్షరాలతో "నేను కూడా" అని రాసి, కింద సంతకం పెట్టాడు.