కోరల్లేని సాయ్

ఖంఫాయ్‌కి కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. అతను అల్లిన సాయ్‌ని చేతిలోకి తీసుకుని "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంటే చాలు. సాయ్ అంటే చేపలు పట్టే వెదురు బుట్ట. ముద్దుగా ఉండడానికి అదేమన్నా చంటిపిల్లా? చేప లోపలికి వెళ్లాలి, మళ్లీ బయటికి రాకూడదు, అదీ దాని పని. ఆ పని చేసేవి మూతి దగ్గర లోపలికి వంగి ఉండే సన్నటి బద్దలు. వాటిని కోరలంటారు. చేప దూరేటప్పుడు పక్కకి ఒరిగి దారిస్తాయి, వెనక్కి తిరిగితే మొనలు చూపిస్తాయి. తోక దగ్గర ఒక కన్నం, దానికి గడ్డి చుట్టిన బిరడా. అది లాగితేనే చేప చేతికొస్తుంది.

ఇప్పుడు ఊరి పక్కన పారే చీ అనే నదిలో సాయ్ వేసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నైలాను వలలొచ్చి అందరి చేతులకీ బద్ధకం నేర్పాయి. ఇక మిగిలిన గిరాకీ కొట్లవాళ్లదే. అరచేయంత సాయ్ గుమ్మానికి వేలాడదీస్తే అదృష్టం వచ్చి అందులో పడుతుందని వాళ్ల నమ్మకం. నూడుల్స్ కొట్టు నడిపే లావుపాటావిడ ఒకసారి వచ్చి, "ఈ కోరల్లో దుమ్ము చేరుతోంది తాతా, దులపలేక చస్తున్నా. అవి లేకుండా ఒకటి అల్లిపెట్టు" అంది.

"కోరల్లేకపోతే నీ అదృష్టం ఎలా వచ్చిందో అలాగే పోతుంది. నీకు కావలసింది సాయ్ కాదమ్మా, గరాటా. బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, వెళ్లి తెచ్చుకో" అన్నాడు ఖంఫాయ్.

ఆవిడ మూతి తిప్పుకుంటూ వెళ్లిపోయింది. భార్య సీనువన్ వంటింట్లోంచే తల కొట్టుకుంది. కానీ ఆమెకీ తెలుసు, అరవై ఎనిమిదేళ్ల ఈ మనిషికి ఉన్న ఆస్తి అంతా ఊరు చెప్పుకునే ఒక్క మాటే: ఖంఫాయ్ ఇంట్లోంచి సగం పనితో ఒక్క సాయ్ కూడా గడప దాటలేదు. వాళ్ల నాన్న ఇంట్లోంచీ దాటలేదు.

అలాంటి ఇంటికి బాంకాక్ నుంచి రిన్ వచ్చింది. ముప్పై దాటని పిల్ల, మగపిల్లాడి క్రాపు, మాసిన కాన్వాసు బూట్లు. బొమ్మలు వేస్తుందట, చెక్కుతుందట, విదేశాల్లో ప్రదర్శనలు కూడా పెట్టిందట. గుమ్మం ముందు బూట్లు విప్పి, చేతులు జోడించి, సీనువన్ పెట్టిన జిగురన్నం, పులియబెట్టిన చేప మారు అడిగి మరీ తింది. అక్కడివరకూ ఖంఫాయ్‌కి నచ్చింది.

"ఇరవై మూరల పొడుగు సాయ్ కావాలి బాబాయ్. మనుషులు నడిచి లోపలికెళ్లాలి. పట్నంలో పాత బియ్యం మిల్లుని ప్రదర్శనశాల చేశారు కదా, అందులో పెడతాం. నదిలో వేసేవాళ్లు పోయాక సాయ్‌కి మిగిలిందేంటి? ఖాళీ. ఆ ఖాళీని జనం లోపల నిలబడి చూడాలి."

"ఇరవై మూరలా!" అన్నాడు ఖంఫాయ్. మొహంలో విసుగు పెట్టుకున్నాడు గానీ అప్పటికే కళ్లు పెరట్లో వెదురు పొద మీదున్నాయి.

"మీ పేరు కూడా బోర్డు మీద రాయిస్తాను, నా పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో."

సాయ్ అల్లినవాడి పేరు ఎవడు రాశాడు ఇంతవరకూ? సీనువన్ చేతిలో గరిటె ఆగిపోయింది. అంతా బాగానే ఉంది అనుకునేలోపు ఆ పిల్ల అసలు మాట చెప్పింది.

"ఒక్కటే బాబాయ్, కోరలు వద్దు. జనం స్వేచ్ఛగా వెళ్లాలి, స్వేచ్ఛగా రావాలి."

ఖంఫాయ్‌కి ఒళ్లు మండిపోయింది. "స్వేచ్ఛ కావాలంటే గేటు కట్టించుకో తల్లీ. సాయ్ ఎందుకు?"

"ఇది చేపల కోసం కాదు కదా బాబాయ్. చూడడానికి."

"చూసేవాళ్లకి కళ్లుండవా? కోరల్లేని సాయ్ కింద నా పేరు రాస్తావా? రేపు ఊళ్లో నేను తలెత్తుకు తిరగొద్దా?"

మూడు రోజులు వాదులాట నడిచింది. ఆ పిల్ల గొంతు పెంచదు, కోప్పడదు, నవ్వుతూనే మళ్లీ మొదటికొస్తుంది. తిట్టినా తీసుకోని మనిషితో తగువెలా పెట్టుకుంటారు? చివరికి సీనువన్ కలగజేసుకుంది. "ఈయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, నువ్వు కంగారు పడకమ్మా, అల్లుతాడు" అని మొగుడి తరఫున తనే మాటిచ్చేసింది. ఖంఫాయ్ మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో ఇద్దర్ని సాయం పెట్టుకుని రెండు నెలలు అల్లాడు. ఐదు ముక్కలుగా అల్లి, లారీలో మిల్లుకి తీసుకెళ్లి, అక్కడ పేముతో కలిపి కట్టాడు. అలవాటు ప్రకారం బయట కూర్చునే అల్లాడు, ముడుల కొసలన్నీ లోపలికి తోశాడు. పట్టుకునేవాడి చేతికి గుచ్చుకోకూడదు కదా. తోక దగ్గర మనిషి పాకి రాగలిగేంత కన్నం వదిలి, దానికి గడ్డి బిరడా కొట్టాడు. రిన్ దాన్ని చూసి "భలే ఉంది" అంది గానీ ఎందుకని అడగలేదు.

అంతా అయ్యాక నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ మూతి వైపు చూస్తే ఖంఫాయ్‌కి అన్నం సయించలేదు. పళ్లూడిన ముసలాడు ఆవలించినట్టుంది. ప్రారంభోత్సవం ముందు రోజు రిన్ దీపాల వాళ్లతో తలమునకలై ఉంది. "అమ్మాయ్, ఒక్క మాట" అన్నాడు. "తర్వాత బాబాయ్" అంది. సరే, అడిగాను కదా అనుకున్నాడు. పొద్దుటికల్లా మూతికి కోరలు కట్టేశాడు. మనుషులకి గుచ్చుకోకుండా ఒక్కో మొననీ కత్తితో నున్నగా గీకాడు. మూతి మీద ప్రారంభానికని కప్పిన ఎర్రగుడ్డని మళ్లీ ఎప్పట్లాగే వేసేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

జిల్లా అధికారి వచ్చాడు. పట్టు కట్టుకుని ఆయన భార్య వచ్చింది. ఇద్దరు ఉపాధ్యాయులు, పేపరు వాళ్లు, ఒక కెమెరా. ఎర్రగుడ్డ లాగగానే రిన్ మొహం పాలిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే అధికారిగారు "ఆహా, సంప్రదాయం!" అంటూ కోరలు తోసుకుని లోపలికి నడిచాడు. బద్దలు ఎంత మర్యాదగా ఒరిగాయో! ఆయన భార్య, ఉపాధ్యాయులు, పేపరు వాళ్లు ఆయన వెనకే దూరారు. ఆ తర్వాత అధికారిగారి భార్య ఫోటో కోసం వెనక్కి తిరిగింది. వెదురు మొనలు మొహానికి ఎదురుగా ఉన్నాయి. పక్క నుంచి ప్రయత్నించింది. పట్టు కొంగు చిక్కుకుంది. ఎనిమిది మందీ కుడితిలో పడ్డ ఎలుకల్లా ఒకరి మీద ఒకరు పడుతూ లోపల తిరగడం మొదలెట్టారు.

"కత్తెర! కత్తెర తెండి, కోసేయండి!" అని హాలు మేనేజరు పరిగెత్తాడు.

"ఒక్క బద్ద కోశావంటే నీ చెయ్యి నీది కాదు!" ఖంఫాయ్ అరుపుకి మిల్లు పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. "చేపని మూతిలోంచి ఎవడు తీస్తాడ్రా? వంద మంది ఉన్నారు, ఒక్కడికీ తెలీదా?"

అతను విసవిసా తోక దగ్గరికి వెళ్లి, గడ్డి బిరడా రెండు చేతులా లాగి పడేసి, చెయ్యి లోపల పెట్టాడు. ఒక్కొక్కర్నీ బయటికి లాగాడు. అధికారిగారు పాక్కుంటూ వచ్చి, మోకాళ్లు దులుపుకుని, నవ్వాలో తిట్టాలో తెలీక, "ఇంత పెద్ద చేపని ఎప్పుడన్నా పట్టావా తాతా?" అన్నాడు.

"పట్టాను బాబూ. కానీ అవి ఇంత గోల చెయ్యలేదు."

ముందు నవ్వింది ఆయన భార్యే. తర్వాత అందరూ నవ్వారు. రిన్ మాత్రం నవ్వలేదు. ఆమె కనిపించలేదు కూడా. ఇక తిట్లు తప్పవనుకుని ఖంఫాయ్ మూతి వైపుకి వచ్చేసరికి, ఆ పిల్ల లోపల ఒక్కతే నేల మీద కూర్చుని ఉంది.

"మాట తప్పాను" అన్నాడు అతను బయట నుంచే, తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, దెబ్బలాటకి సిద్ధమవుతున్నట్టు.

"మీరు మాటివ్వలేదు బాబాయ్. పిన్ని ఇచ్చింది. నేను గమనించాను, గమనించనట్టు ఊరుకున్నాను." కోరల వైపు చూస్తూ అంది, "కోరలు పెట్టాకే ఇక్కడ ఏదో జరిగింది. నేనే పొరబడ్డాను. మీరు ఎప్పుడన్నా లోపలికొచ్చారా?"

అదేం ప్రశ్న? సాయ్ అల్లేవాడు సాయ్‌లోకి ఎందుకెళ్తాడు? కానీ ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. కోరలు తోసుకుని లోపల అడుగుపెట్టాడు. వెనక బద్దలు మూసుకున్నాయి. చుట్టూ సన్నటి వెలుగు చారలు. తన వేళ్లకి యాభై ఏళ్లుగా తెలిసిన ఆ వంపుని కళ్లు మొదటిసారి చూశాయి. ఎంత బాగుంది! తండ్రి ఇది చూడకుండానే పోయాడు కదా అని ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత అతని చూపు ముడుల మీద పడింది.

కొసలు. లోపలికి తోసిన పేము కొసలన్నీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి చీలి, ఒకటి వేలాడుతూ, దువ్వని జుట్టులా ఉన్నాయి. బయట నుంచి చూస్తే అద్దంలా ఉన్న పనికి లోపలి మొహం ఇదా?

"ఎవడు కట్టాడీ ముడి!" అని అరిచాడు. ఎవడు కట్టాడో అతనికి తెలుసు. "యాభై ఏళ్లు! యాభై ఏళ్లుగా చేపలు ఈ దరిద్రాన్నా చూస్తూ చచ్చింది?"

"ఎవరికీ కనపడదు బాబాయ్, చూడడానికి బాగానే..."

"చూసేవాళ్లకి కళ్లుండవా?" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే తగిలింది. "ఆ బోర్డు మీద నా పేరు తీసెయ్యి తల్లీ. ఇది పూర్తయ్యాక పెడుదువుగాని. సగం పని మీద నా పేరుండకూడదు." తర్వాత తోక వైపు తిరిగి కేకేశాడు, "ఒసేయ్, కత్తి పట్రా!"

కన్నంలోంచి కత్తి వచ్చింది, వెనకే జిగురన్నం బుట్ట. సీనువన్ మొహం ఒక్క క్షణం కనిపించింది.

"తిని మొదలెట్టు. నాలుగు రోజుల పనుంది" అంది. తర్వాత గడ్డి బిరడా ఎత్తి కన్నానికి గట్టిగా కొట్టింది.