బచ్చలింటి నాపబండ

మా పుట్టింట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక బండకు. అది బచ్చలింట్లో ఉండేది. బచ్చలిల్లంటే మా వైపు స్నానాల గది. వంటింటి వెనక నాలుగు గోడలు, మూలన నీళ్ళు కాగే రాగి హండా, నీళ్ళు బయటికి పోవడానికి ఒక తూము, కింద ఆ బండ.

మా ఊరు డోన్‌కు దగ్గర. మా నాయనకు నాపరాళ్ళ గని ఉండేది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఇండ్లు కట్టేవాళ్ళు ఎక్కువై, రాతికి గిరాకీ పెరిగింది. ఆ రోజుల్లోనే మా గనిలో ఒక పెద్ద పలక లేచింది. మచ్చ లేదు, గీత లేదు, ఒకటే నలుపు. దాన్ని అమ్మడానికి మా నాయనకు మనసు రాలేదు. ఇసుకా నీళ్ళూ పోయించి నెలల తరబడి రుద్దించాడు. అంత నున్నగా అయ్యాక దాన్ని ఎక్కడ పరచాలా అని ఆలోచించాడు. నాపరాయి నలుపు తడి తగిలితేనే తేలుతుంది కాబట్టి, ఇంట్లో ఎప్పుడూ తడిగా ఉండే చోటే దానికి తగినదని తీర్మానించాడు. రాళ్ళ వ్యాపారం చేసేవాడికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి ఆలోచన రాదు. తలకు నూనె, ఒంటికి సున్నిపిండి, జుట్టుకు సీకాయ, అన్నీ జారి పడే చోట ముఖం కనబడే బండను పరిచి పెట్టాడు.

ఎవరైనా బేరానికి వస్తే పడసాలలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఊరుకునేవాడు కాదు. చెప్పులు విప్పించి, వంటిల్లు దాటించి, బచ్చలింటి దాకా తీసుకొచ్చేవాడు. ఒక చెంబు నీళ్ళు బండ మీద ఒలికించి, "ఇప్పుడు సూడప్పా" అనేవాడు. వచ్చినవాళ్ళు వంగి తమ మీసాలు చూసుకునేవారు. లోపల ఎవరైనా స్నానం చేస్తుంటే మా అమ్మ ముందే పరుగెత్తి తలుపు తట్టాలి. మా అవ్వ రెండుసార్లు సగం స్నానంలో చీర చుట్టుకొని బయటికి రావలసి వచ్చింది. "ఈ ఇంట్లో మనిషి నీళ్ళు పోసుకోనీకి బండను అడగాల" అని గొణుక్కునేది.

అవ్వ అంటే మా నాయన తల్లి. నన్ను తొలి కాన్పుకు వేంపల్లె నుంచి, అంటే మా అత్తవారింటి నుంచి తీసుకొచ్చేసరికి ఆమెకు చూపు కొంచెం మందగించింది కానీ నడక మందగించలేదు. మా వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మందికి నీళ్ళు పోసింది ఆమే. పీట మీద కూర్చొని, కాళ్ళు ముందుకు చాపి, పసిబిడ్డను వాటి మీద పడుకోబెట్టుకొని, నూనె రుద్ది, ముక్కు నులిమి, నీళ్ళు పోసేది. ఆమె కాళ్ళ మీద ఏడ్చిన బిడ్డ ఆమె కాళ్ళ మీదే నిద్రపోయేది. నాకూ అక్కడే పోశారు. నా బిడ్డకూ అక్కడే పోయాలని నేను వేంపల్లెలో బండి ఎక్కినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

నేను వచ్చిన కొద్దిరోజులకే అవ్వ బచ్చలింట్లో పడింది. తలంటుకున్న రోజు. ముందు చెంబు దొర్లిన చప్పుడు, తర్వాత ఆమె మూలుగు. నేను నా పొట్ట పట్టుకొని పరుగెత్తేసరికి అమ్మ ఆమెను లేపుతోంది. మణికట్టు అప్పుడే వాచిపోతోంది. తుంటి దగ్గర కమిలింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. మా నాయన కూడా వచ్చాడు. వచ్చి, "చూసి అడుగెయ్యొద్దా అమ్మా" అన్నాడు. అని, చెంబు పడిన చోట రాయి చిట్లిందేమోనని వంగి చేత్తో తడిమి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, తల్లి అంటే ప్రాణం. కానీ ఆ తడమడం అవ్వ చూసింది. నేనూ చూశాను. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచి ఆమెను బచ్చలింట్లో అడుగుపెట్టనివ్వలేదు. పెరట్లో చీర అడ్డం కట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి మా అమ్మే నీళ్ళు పోసేది. పుట్టబోయే బిడ్డకు నీళ్ళు పోయడానికి పక్క వీధి నుంచి ఒకామెను మాట్లాడతానని మా నాయన చెప్పాడు. అవ్వ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఊరుకుంటే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, కాళ్ళు చాపుకొని, తన కాళ్ళను తనే చూసుకుంటూ కూర్చునేది.

నేను పట్టుబట్టాను. బండను మార్చమన్నాను. కుదరదన్నాడు మా నాయన. సరే, గరుకు చేయించమన్నాను. ఆ మాటకు ఆయన నన్ను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"నడిచేటోళ్ళు చూసుకోని నడిస్తే బండేం చేస్తాదిమ్మే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ మాట."

"అవ్వ అరవై ఏండ్లు బాగనే ఆడింది కదా నాయనా. మద్దెల మార్చినాకనే కదా పడింది."

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు శాస్త్రం తీస్తారు. కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఇంట్లో ఉండగా కట్టడం పని ఎత్తుకోకూడదు, రాతి మీద ఉలి పెట్టకూడదు అన్నాడు. అంటే ఆ పని జరగాలని పట్టుబట్టిన నేనే, అది జరగకపోవడానికీ కారణమయ్యాను. మా అమ్మ మధ్యలో నలిగిపోయి, "నాయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, కూతురు పట్టిన కుందేలుకూ మూడే కాళ్ళు. నేను యాడికి పోయేది" అని తలపట్టుకుంది.

రాజీ కోసం ఆమె పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. బండ మీద గోనెపట్ట పరిచింది. వారంలోపే అది పాచిపట్టి బండకంటే ఎక్కువ జారింది. ఇసుక చల్లింది. ఇసుక పోయి తూములో అడ్డంపడి, బచ్చలిల్లు చెరువైంది. చివరికి దూలానికి ఒక మోకు కట్టి, దాన్ని పట్టుకొని స్నానం చేయవచ్చంది. అవ్వ గడప బయట నుంచే ఆ మోకును చూసి, చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "ఇదేమన్నా బాయా, మోకు పట్టుకోని దిగనీకి? ఒక చేత్తో మోకు పట్టుకుంటే బిడ్డను దేంతో పట్టుకునేది?"

ఆ చివరి మాటతో నాకు అర్థమైంది. ఆమె ఇంకా ఆశ వదులుకోలేదు. ఇక నేను వదులుకునే ప్రశ్నే లేదు.

మా నాయన డోన్‌లో రాళ్ళు వ్యాగన్లకు ఎక్కించడానికి పోయిన ఒక పొద్దున, వీధిలో కేక వినబడింది. "రోళ్ళకు కక్కు కొడతామమ్మా, విసుర్రాళ్ళకు కక్కు కొడతాం." రోలూ విసుర్రాయీ వాడగా వాడగా నున్నబడి గింజను పట్టవు. అప్పుడు ఉలితో చిన్నచిన్న గాట్లు పెట్టి మళ్ళీ గరుకు చేయాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న కేకే అది. ఆ పొద్దున మాత్రం నేను నీళ్ళు తాగుతున్న చెంబు అక్కడే పెట్టేసి వాకిట్లోకి పోయాను.

ఉలి సంచీ భుజాన వేసుకొచ్చినామె విసుర్రాయి ఎక్కడుందని చూస్తుంటే, బచ్చలింట్లోకి తీసుకుపోయి బండ చూపించాను. ఆమె జంకింది. "ఇంత నున్నటి బండమ్మా. మీ ఇంటి పెద్దాయన ఏమంటాడో."

"ఏమన్నా అంటే నన్నంటాడు. నువ్వు కొట్టు."

మా అమ్మ పరుగున వచ్చింది. "ఒద్దు మ్మే. రాతి మీద ఉలి పెట్టకూడదని మీ నాయన చెప్పలేదా?"

"పోయిన అమావాస్యకు విసుర్రాయికి కొట్టిస్తివి కదమ్మా. అప్పుడు నేను కడుపుతో లేనా? అది రాయి కాదా?"

ఇంటింటా పిండి విసరాలి, విసరాలంటే కక్కు కొట్టించాలి, దానికి ఏ కడుపూ ఏ నెలా అడ్డం రాలేదు ఇంతవరకు. మా అమ్మ గడప దాటి లోపలికి వచ్చి, బండ మీదున్న పీట తీసి బయట పెట్టింది. అది ఆమె ఒప్పుకోవడం. ఆ క్షణంలో మా అమ్మ మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ అట్లాగే ఉంది.

గాట్లు ఎటు కొట్టాలో నేనే చెప్పాను. కాలు జారే దిక్కుకు అడ్డంగా ఉండాలి, నీళ్ళు మాత్రం తూము వైపు వాలిపోవాలి. పని అయ్యాక పాదాలకు గుచ్చుకోకుండా ఇటుక ముక్కతో అంచులు రుద్దించాను. నల్లటి బండంతా తెల్లని చుక్కలతో నిండిపోయింది. అందం పోయిందన్నది నిజమే. కక్కు కొట్టినామెకు అమ్మ చేటెడు జొన్నలు పోసి పంపింది.

సాయంత్రం మా నాయన వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "పోయింది. రాయి పోయింది" అన్నాడు. అంతే. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరవలేదు. ఆ రాత్రి సంగటి సగం ముద్ద వదిలేసి లేచాడు. తర్వాత బేరానికి వచ్చినవాళ్ళను పడసాల నుంచే పంపించేవాడు. ఒకాయన, "బండ చూపించవా అప్పా" అని అడిగితే, "ఇప్పుడు ల్యా" అని తల వంచుకున్నాడు. చూసి నాకు జాలి వేసింది. ఆయన దాన్ని రుద్దించిన నెలలన్నీ నాకు తెలుసు. అయినా నేను చేసింది మళ్ళీ చేయమంటే మళ్ళీ చేస్తాను. నా కాన్పయ్యే దాకా ఆయన నాతో కూడా ముభావంగానే ఉన్నాడు.

నాకు ఆడపిల్ల పుట్టింది. పక్క వీధి ఆమెను పిలవనంపే లోపలే అవ్వ చీర కొంగు దోపుకొని బచ్చలింటి గడప దగ్గర నిలబడింది. కట్టు విప్పేసి అప్పటికే చాలా రోజులైంది. మడమకు కావాలనే ఇంత ఆముదం రాసుకుంది. కుడికాలు బండ మీద ఆనించి, అటూ ఇటూ తిప్పి, ఒత్తి చూసింది.

"పట్టుకుంటాంది" అంది. "బిడ్డను తెండి."

పీట మీద కూర్చొని కాళ్ళు చాపింది. మడమలు గాట్లలో ఆని కదలకుండా నిలిచాయి. నా కూతురు ఆ కాళ్ళ మీద ముందు గుక్కపెట్టి ఏడ్చింది, తర్వాత వెక్కింది, చివరి చెంబు పోసేసరికి కళ్ళు మూసింది. నేను తలుపు చాటున బాలింత చీరలో నిలబడి, ఏడవకూడదని తెలిసీ ఏడ్చాను.

మా నాయన పెరట్లో నిలబడి ఉన్నాడు. అవ్వ పాత పంచెగుడ్డలో బిడ్డను చుట్టుకొని లేచింది. నూనె పాదాలు, తడి బండ, రెండు చేతుల్లోనూ బిడ్డ. ఆయన ఒక్క ఉదుటున గడప దగ్గరికి వచ్చి, పట్టుకోవడానికి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకోలేదు. బండ దాటి గడప దగ్గరికి వచ్చి, కొడుకు ముఖంలోకి చూసింది.

"పక్కకు జరుగప్పా. రాయి పోయిందని శానా దిగులుపడితివి. నేనుండా సూడు."

మా నాయన పక్కకు జరిగాడు.