ఎవరికీ అక్కరలేని ఫ్లాపీలో దొరికిన కోట

మా చిన్నప్పుడు... హైదరాబాదులో ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో, హమీద్ భాయ్ కంప్యూటర్ దుకాణంలో కొత్త కంప్యూటర్ల ముందు ఎప్పుడూ పెద్దపిల్లలే ఉండేవాళ్ళు. కార్లు గుద్దుకోవడం, తుపాకులు పేలడం... ఒక్క కుర్చీ ఖాళీ అయ్యేది కాదు.

నాకూ, నా దోస్తు యాదగిరికీ మిగిలింది మూలనున్న పాత డబ్బా. ఏదో ఆఫీసువాళ్ళు తుక్కు కింద అమ్మేస్తే భాయ్ తెచ్చి పడేశాడు. దాంతోపాటే ఒక అట్టపెట్టె నిండా ఫ్లాపీలు... ఒక్కదాని మీదా పేరు లేదు.

"అండ్ల ఏమున్నదో నాకు గూడ ఎరక లేదు బేటా... ఏసి చూస్కోండ్రి," అన్నాడు భాయ్.

వేసి చూశాం. సగం ఫ్లాపీలు గర్రుమని ఊరుకునేవి. ఒకదాంట్లో బావి తవ్వే ఆట దొరికింది... నీళ్ళు ఊరేలోపు పైకి ఎక్కకపోతే మనిషి మునిగిపోయేవాడు. ఇంకోదాంట్లో చీమల యుద్ధం. ఎవరికీ తెలియని ఆటలు మా ఇద్దరికే తెలుసన్న గర్వం మస్తుగా ఉండేది.

అలా ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ కోట దొరికింది.

ఆట పేరు ఏ భాషలో ఉందో తెలియదు. మేం 'ఖిల్లా' అని పిలుచుకున్నాం. చేతిలో కత్తి ఉన్న ఒక సిపాయి... కోటలో కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా నరుక్కుంటూ ఎక్కాలి. అంతే. కానీ మిగతా ఆటల్లో చచ్చినవాడు మాయమవుతాడు. ఇందులో శవం అక్కడే పడి ఉండేది. దారి తప్పి మళ్ళీ అదే గదికి వస్తే నెత్తురు నల్లబడి కనిపించేది. మెడ తెగినప్పుడు ఆ చిన్న స్పీకర్లోంచి టక్కుమని చప్పుడు... మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. యాదగిరి మాత్రం కన్నార్పలేదు.

నేను నడిపించేవాణ్ణి, వాడు కత్తి తిప్పేవాడు. మధ్యలో ఆపుకునే వీలు లేదు... చస్తే మళ్ళీ కింది నుంచే. ఆ ఏడాది సెలవులన్నీ అందులోనే గడిచాయి.

బడి తెరిచే ముందు ఒకరోజు పై అంతస్తు తలుపు దాకా చేరాం. మా అరుపులకి పెద్దపిల్లలు వచ్చి మూగారు. వాళ్ళల్లో శ్రీశైలం ఇంటర్ తప్పి తిరుగుతున్నవాడు, మాకన్నా రెండింతలు ఉండేవాడు. రోజూ 'డబ్బా ఆట' అని వెక్కిరించేది అతనే.

"లేవుండ్రా. గిప్పుడు నేనాడ్త," అన్నాడు.

"గింత దూరం మేం తెచ్చినం అన్నా... అయినంక ఆడు," అన్నాడు యాదగిరి, తెర మీంచి చూపు తిప్పకుండా.

శ్రీశైలం వాడి జుట్టు పట్టి వెనక్కి లాగి చెంప పగలగొట్టాడు. యాదగిరి ఆ చెయ్యి దొరకబుచ్చుకుని కొరికాడు... పళ్ళు దిగేదాకా వదల్లేదు. శ్రీశైలం కేక పెట్టి, పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తి విసిరాడు. అది యాదగిరి కనుబొమ్మకి తగిలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే, నేలమీద పడి కూడా నన్ను చూసి అరిచాడు వాడు...

"లేవకురా! నువ్వు ఆడు!"

నేను ఆడలేదు. కీబోర్డు వైరుతో సహా పెరికి శ్రీశైలం మొహం మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. మీటలు ఊడి నేలంతా రాలాయి. అతని ముక్కు పగిలింది. ఆ క్షణంలో భయమే వెయ్యలేదు నాకు.

"హటో! పాగల్ అయిండ్రా అందరు!" అంటూ హమీద్ భాయ్ దూరి మమ్మల్ని విడదీశాడు. భుజం మీది రుమాలు యాదగిరి కంటికి అదిమి, స్కూటర్ మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి యాదగిరి బాపు దుకాణం ముందు కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. సున్నాల పని చేసేవాడు, ఎవరో చెబితే తెల్లటి చేతులతో అలాగే వచ్చేశాడు. తలకి కట్టుతో దిగుతున్న కొడుకుని చూసి కూడా కట్టె ఎత్తాడు. వీపు మీద ఒక దెబ్బ పడింది. రెండోది పడేలోపు భాయ్ ఆ కట్టె పట్టుకున్నాడు.

"ఇంక యాడ గొడ్తవ్ భాయ్? పోరని మీద జాగా యాడ మిగిలింది?"

ఆయన కట్టె వదిలేశాడు. అక్కడే మెట్టు మీద కూలబడి, కొడుకు కట్టు కేసి చూస్తూ ఏడ్చాడు.

కొన్నాళ్ళకి భాయ్ వేరే కీబోర్డు తగిలించి మా ముగ్గుర్నీ పిలిపించాడు. శ్రీశైలం ముక్కు ఇంకా వాచే ఉంది.

"ముగ్గురు ఒక్క బెంచీ మీద కూసుంటెనే ఆట. లేకుంటె ఎవ్వనికి లేదు," అన్నాడు.

కూర్చున్నాం. మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాం. మాఫీ ఎవరూ అడగలేదు. మొదట్లో శ్రీశైలం బెంచీ చివర అటు తిరిగి కూర్చునేవాడు. తర్వాత్తర్వాత "ఎడమదిక్కు వస్తుండు, సూస్కో" అనడం మొదలుపెట్టాడు...

ఒక సాయంత్రం ఆ తలుపు తెరుచుకుంది. లోపల రాక్షసుడు ఎవరూ లేడు. మంచం మీద ఒక ముసలి రాజు. లేవలేదు. చేతిలో కత్తి లేదు. తెర అడుగున, మాకు చదవరాని ఆ లిపిలో, ఒక వాక్యం వచ్చి ఆగింది... ఏదో అడుగుతున్నట్టు.

యాదగిరి వేలు అలవాటు కొద్దీ కత్తి మీట నొక్కేసింది. టక్.

తెర నల్లబడింది. పాట లేదు, పూలవాన లేదు. మాలో ఒక్కడూ ఎగిరి గంతెయ్యలేదు.

"ముసలోడు ఏమడిగిండో ఏమోరా..." అన్నాడు శ్రీశైలం. అంత మెత్తగా అతను మాట్లాడగా అంతకు ముందు వినలేదు.

యాదగిరి చాలాసేపు తన వేలి కేసే చూసుకున్నాడు.

వానలు పడ్డాక ఆ ఫ్లాపీ చెడిపోయింది. భాయ్ దుకాణం ఇంటర్నెట్ సెంటరయ్యింది, ఆ తర్వాత ఫోన్ల షాపయ్యింది. నేను ఇప్పటికీ ఆదివారాలు జనం మరిచిపోయిన ఆటలు ఇంటర్నెట్లో వెతుకుతుంటాను. బావి ఆట దొరికింది... ఇప్పుడాడినా బాగుంది. కోట మాత్రం దొరకలేదు.

ఇప్పుడు ఏ ఆటకైనా చివర్లో ఏమవుతుందో ముందే ఫోన్లో చూసేయొచ్చు. మా అమ్మాయి అలాగే చూస్తుంది... ఒక్కతే, చెవుల్లో తీగలు పెట్టుకుని.

మీ గల్లీలో మీకు తప్ప ఇంకెవరికీ తెలియని ఆట ఏదైనా ఉండేదా? పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు... పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో రాయండి.